టైరా వంతు దుంపలు

అమెరికా దక్షిణ తీరంలోని సెయింట్ హెలెనా దీవిలో ఫిబా నోటికి జడవని మనిషి లేడు. చేలో ఆమెతో సమానంగా పారపట్టే వాళ్లూ లేరు. ఆ దీవుల్లో బానిసలకు పొద్దున్నే కర్రలు పాతి ఎవరి వంతు వాళ్లకు కొలిచి ఇస్తారు. వంతు ముగిస్తే మిగిలిన పొద్దు వాళ్లది, దొరైనా పనికి పిలవకూడదు. ఫిబా ఎరిగిన స్వేచ్ఛ అంతే. దాన్ని మాత్రం ఎవరికీ వదిలేది కాదు. కొడుకును దొర అవతలి గట్టుకు పడవెక్కించి అమ్మేశాడు. ఇక మిగిలింది కూతురు టైరా.

1861 నవంబరులో, బానిసల్ని ఏలే దక్షిణాది దొరలతో యుద్ధం చేస్తున్న ఉత్తరాది ఓడలు రేవు ముఖాన ఉన్న ఆ దొరల రెండు కోటల మీద విరుచుకుపడ్డాయి. ఫిరంగుల మోతకు చిలగడదుంపల చేను అదురుతోంది. హార్లన్ దొర తుపాకీ పట్టుకుని పరుగున వచ్చాడు.

"అందరూ పడవ దగ్గరికి నడవండి! వాళ్లు దిగారంటే మిమ్మల్ని క్యూబాలో అమ్మేస్తారు."

"అమ్మడం మీకు తెలిసినంత వాళ్లకి తెలుసా దొరా? నా వంతు అయిపోయింది. నేను రాను," అంది ఫిబా.

దొర టైరా చెయ్యి దొరకబుచ్చుకున్నాడు. "దీని వంతు సగం కూడా కాలేదు. అయ్యేదాకా ఇది నా మనిషే."

ఫిబా ముందుకొచ్చింది. "దొరసానిగారి పెట్టెలు పడవెక్కేలోగా అవగొడతా. అప్పుడు వదలాలి. మీ నాన్నగారు పెట్టిన పద్ధతే."

"తవ్వు, చూద్దాం!" అని నవ్వాడు దొర. ఆ పెట్టెలకోసం ఎలాగూ ఆగాలి.

ఫిబా పార అందుకుంది. ముసలి జూబా వచ్చి, "తప్పుకోవే, ఈ చాలు నాది," అంటూ వంగింది. పక్క వంతుల వాళ్లూ పారలతో దిగారు. పెట్టెలు ఇంకా పడవెక్కుతుండగానే ఆఖరి దుంప బుట్టలో పడింది.

దొర టైరా చెయ్యి వదల్లేదు. తుపాకీ ఫిబా వైపు తిప్పాడు.

"కాల్చుకోండి. వంతైతే అయిపోయింది," అంది ఫిబా, కదలకుండా.

అంతలో ఫిరంగులు ఆగిపోయాయి. దొర కోటల వైపు చూశాడు. అక్కణ్నుంచి ఒక్క చప్పుడూ లేదు, కోటలు పడిపోయినట్టే. "సముద్రం వెనక్కి తీస్తోంది, పడవ బురదలో దిగబడుతుంది!" అని రేవులోంచి దొరసాని కేకలు పెట్టింది. దొర టైరా చెయ్యి విదిలించి పరుగెత్తాడు. తెడ్లు వేసే బానిసలు ఎవరూ రాక, దొర బావమరుదులే చేతకాని చేతులతో తెడ్లు పట్టారు.

"మేం పోతే మీకు తిండెవడు పెడతాడే?" అని దొర పడవలోంచి అరిచాడు.

"ఇన్నాళ్లూ మీకెవరు పెట్టారు దొరా?" అంది ఫిబా గట్టు మీంచి.

టైరా బుట్ట నెత్తికెత్తుకుని, అలవాటు కొద్దీ దొర గాదె వైపు నడిచింది. ఫిబా భుజం పట్టి వెనక్కి తిప్పింది.

"అటు కాదే, మన గుడిసెకి."