బోరుకొచ్చిన ఇంజను

కాలిన ఇంజనాయిలు వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నాన్నకీ పెదనాన్నకీ కవలల్లాంటి పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కార్లుండేవి. మాది ఎరుపు, వాళ్ళది పచ్చ. ఓరోజు రాజమండ్రి మెకానిక్ మా కారు ఇంజను ఊడదీశాడు.

"ఎందుకండీ?" అని గోదావరి అవతల కొవ్వూరుకి వినబడేలా అరిచాను.

"బోరుకొచ్చిందమ్మా. పెదనాన్నగారు తీసుకుంటానన్నారు."

తన పొలంలో బోరుకి మా ఇంజనా! ఆర్నెల్లు పెదనాన్నతో మాట్లాడలేదు. ఆయన తెచ్చిన పూతరేకులు మాత్రం కోపంగానే తిన్నాను. మా కారు మళ్ళీ గుర్రంలా పరిగెత్తినా నేను కరగలేదు.

బోరుకి రావడమంటే ఇంజను అరిగిపోవడమని నేను కారు కొన్నాకే తెలిసింది. అరిగిన మా ఇంజను తన కారులో పెట్టించుకుని, తన మంచి ఇంజను మాకిచ్చారాయన.

ఇప్పుడు పెదనాన్న లేరు. ఆ కోపమంతా నామీదే.