ఏడుపు పూట

మేట్రనమ్మ పోయిందన్న కబురు నాకు చల్లపల్లిలో, మా అమ్మాయి ఇంటి పెరట్లో చేపలు తోముతుండగా అందింది. తెచ్చినది బందరు వృద్ధాశ్రమంలో నాతోపాటు ఆయాగా చేసి, ఇంకా అక్కడే పనిచేస్తున్న మనిషి. పెడనలో మగ్గాల ఇంటి కోడలు కాబట్టి ఆమెను మేమంతా పెడన పిల్ల అనేవాళ్లం. ఇప్పుడామె పిల్లేమీ కాదు.

"గుడివాడలో, తమ్ముడిగారింట్లో పోయారంట అక్కా. భూస్థాపన కూడా అయిపోయిందంట. మనకెవరు చెబుతారు?"

నేను నోరు తెరిచేలోగా రెండో మాట కూడా చెప్పేసింది. "ముసలాళ్లకి చెప్పొద్దన్నారు మేనేజరుగారు. మనకి ఏడుపు పూట కూడా లేదన్నారు. ఆవిడ మంచం మీద మనిషి కాదుగా, పని మానేసి వెళ్లినావిడేగా అన్నారు."

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా వీధి టీచరమ్మ రాస్తోంది. నా మాటలు మెత్తబరచొద్దని ముందే చెప్పాను. చదివేవాళ్లు మీరే న్యాయం చెప్పండి.

ఆ ఆశ్రమంలో మొదట్లో ఎవరి మంచాలు వాళ్లవి. నా మంచం మీది ముసలమ్మ దాహం అంటే నేనే పరుగెత్తాలి. పక్క ఆయా చేతిలో చెంబు ఉన్నా తల తిప్పేది కాదు. నేనూ అంతే. అప్పుడు మేట్రనమ్మ వచ్చింది. గంజి పెట్టిన తెల్ల చీర, తాళాలు మోగకుండా కొంగున గట్టిగా ముడి. వార్డులో ఈ చివర నుంచి ఆ చివరికి ఎవరినీ కేకేసేది కాదు, నడిచి వెళ్లి చెప్పేది. ముసలివాళ్లకు పోసే జావ ముందు తాను ఓ గుక్క తాగి చూసేది.

ఒకనాడు పెడన పిల్ల చూసుకునే నాగాయలంక మామ్మ పోయింది. స్నానం చేయించి పంపేసిన గంటకే ఈ పిల్ల ఇంకో ముసలాయన మీద అరిచి, ఆయన చెయ్యి విసురుగా లాగింది. ఆయన బావురుమన్నాడు. నేను ఊరుకుంటానా? "జీతం తీసుకుని ముసలాళ్లని కొడతావటే?" అని మీదికి వెళ్లాను. మేట్రనమ్మ మా ఇద్దరి మధ్యకి వచ్చి, ఆ పిల్లని తీసుకెళ్లి వెనక వరండాలో కూర్చోబెట్టింది. తిరిగొచ్చి ఆ పిల్ల మంచాల కింది బెడ్ పాన్ ఒకటి తాను తీసి, రెండోది నా చేతికిచ్చింది.

"ఆవిడ పని నేనెందుకు చెయ్యాలండీ?"

"ఇవాళ ఆవిడది ఏడుపు పూట. రేపు నీదవుతుంది. ఏడవని చెయ్యి ముసలి ఒంటి మీద బరువుగా పడుతుందే."

అదీ ఏడుపు పూట అంటే. ఎవరి మంచం మీది మనిషి పోతే ఆ ఆయా ఆ పూట కూర్చుంటుంది. ఆమె పని మిగిలినవాళ్లం పంచుకుంటాం. అలా పంచుకున్నాకే పక్క మంచాల మీదివాళ్ల పేర్లు మాకు తెలిశాయి.

నాకు మాత్రం కూర్చోవడం చేతకాదు. నా మంచాల్లో, పడవ నడిపే సరంగుగా చేసిన తాతొకాయన నన్ను రోజూ "గయ్యాళీ" అని పిలిచేవాడు. "ఏంటి, ముసలి మొసలీ?" అని పలికేదాన్ని. ఆయన పోయిన రోజు కడిగిన వరండానే మళ్లీ కడుగుతున్నాను.

"కూర్చోవే."

"నేను కూర్చుంటే పనెవరు చేస్తారండీ?"

"నువ్వు లేకపోతే కూలిపోయేదేం కాదులే ఈ కొంప."

నవ్వుతూనే వెళ్లి తిరగలి దొర్లించుకుని వచ్చింది. దాని నోట్లో మినుములు పోసి, నా ఎదురుగా చీర పాడవుతుందని కూడా చూడకుండా కూర్చుని, పిడి మీద నా చేతిపైన తన చెయ్యి వేసింది. "తిప్పు," అంది. ఆ గరగరలో నేనెంత ఏడ్చానో ఎవరికీ వినపడలేదు.

ఆ తర్వాత ఏడుపు పూట ఎవరిదైనా తిరగలి ముందే. పని తెమిలినవాళ్లు వచ్చి ఎదురు కూర్చుని ఓ చెయ్యి వేసేవాళ్లు. మామూలు రోజుల్లో విసరడం పొద్దున్నే అయిపోయేది. మధ్యాహ్నం తిరగలి మోగిందంటే ఎవరో పోయారని వార్డంతటికీ తెలుసు.

సరే, కబురు విన్న రోజే పెడన పిల్లతో కలిసి బస్సెక్కాను. మేనేజరుగారు ఆశ్రమం గేటు దగ్గరే అడ్డుపడ్డారు. చెడ్డవాడు కాదు, కుర్రతనం.

"ముసలివాళ్లు బెంగపెట్టుకుంటారమ్మా. అందుకే చెప్పొద్దన్నాను."

"ఆవిడ ఎప్పుడొస్తుందని రోజూ అడుగుతున్నారటగా బాబూ? చెప్పకపోతే తమ్ముడింట్లో సుఖం మరిగి తమని మరిచిపోయిందనుకుంటారు. ఆ మాట ఆవిడకి అంటిస్తావా?"

ఆయన్ని తప్పించుకుని నేరుగా వెనక వరండాలోకి వెళ్లాను. తిరగలి మూలన బోర్లించి ఉంది. మినుములెక్కడున్నాయో అడగలేదు. ఉత్త రాయే తిప్పాను. ఆయాలు గుమ్మంలో గుంపుగా నిలబడ్డారు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ. పెడన పిల్ల మేనేజరుగారి వైపు ఒకసారి చూసి, వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

అసలు ఏడుపు పూటే ఉంచాలో తీసెయ్యాలో కమిటీవారిని అడిగి చెబుతామన్నారు మేనేజరుగారు. ఇంకా చెప్పలేదు. అందుకే ఈ రాయించడం. కడుపులో దుఃఖం దిగమింగుకుని ఇంకొకరి దుప్పటి మార్చమంటే మార్చగలం, కానీ ఆ చెయ్యి ఎలా పడుతుందో మీరే ఆలోచించండి.

ఆ మధ్యాహ్నం లోపలి నుంచి చూపులేని మామ్మ గోడ పట్టుకుని వచ్చింది. "అమ్మాయ్, ఎవరే పోయింది?" అంది. మేము రాయి ఆపలేదు. ఆ మోత వింది. "మంచాల మీద అందరం ఉన్నాంగా. మేట్రనమ్మేనా?" అని, తడుముకుంటూ మా పక్కన చతికిలబడింది. పిడి మీద చోటు లేదు. నా మణికట్టు దొరకబుచ్చుకుంది. రాయితో పాటు నా చెయ్యి, నా చేతితో పాటు ఆ ఎండిన వేళ్లు, అలా తిరుగుతూనే ఉన్నాయి.