రెండోసారి చెప్పే మాస్టారు

యేసుదాసు మాస్టారి ముందు ఏ మాటా ఒకసారితో పోయేది కాదు. ఎవరు ఏమన్నా దాన్ని పక్కవాళ్ళకి మళ్ళీ చెప్పేవారు. అదీ తెలుగులోంచి తెలుగులోకి.

పెడనలో నాగేశ్వరమ్మ పిన్ని కలంకారీ అద్దకం షెడ్డులో నేను కంప్యూటరు పని చూస్తాను. మాస్టారు రిటైరైన ఇంగ్లీషు టీచరు. చర్చి సభలకి విదేశీ బోధకులు వస్తే అనువాదం చెప్పేది ఆయనే. మా షెడ్డుకి వచ్చే ఇంగ్లీషు ఉత్తరాలు చదివిపెట్టడానికి రోజూ పదింటికి వచ్చి, చెక్క అచ్చులు చెక్కే గోపీ బల్లకి ఎదురుగా కుర్చీ వేసుకునేవారు.

"ఎరుపు పలచబడింది!" అని అరిచేది పిన్ని.

"అంటే, ఎర్ర రంగు చిక్కగా లేదంటున్నారు నాగేశ్వరమ్మ గారు" అనేవారు మాస్టారు, ఒక్కో అక్షరం నోరారా పలుకుతూ.

"నేనూ తెలుగులోనే ఏడ్చాను కదా మాస్టారూ!"

"తెలుగులోనే ఏడ్చానంటున్నారు."

ఒకసారి టేకు చెక్క కోసం ఆయనా, గోపీ, నేనూ బందరు వెళ్ళాం. బస్సు కిటకిటలాడుతోంది. కండక్టరు "ముందుకి జరగండి" అన్నాడు. మాస్టారు వెంటనే వెనక్కి తిరిగి, "ముందుకి జరగమంటున్నారు" అన్నారు.

"మీరెవరండీ, నా అసిస్టెంటా?" అన్నాడు కండక్టరు.

"నా అసిస్టెంటా అంటున్నారు."

బస్సంతా నవ్వింది. నేను మాత్రం సిగ్గుతో కిటికీలోంచి పొలాల వంక చూస్తూ కూర్చున్నాను.

ఈ ఏడాది జపాన్ నుంచి హరుకో అనే ఆవిడ మా అద్దకం గుడ్డ కావాలని రాసింది. ఆ ఆర్డరు వస్తే షెడ్డులో పదకొండు మందికి వానాకాలమంతా పని ఉంటుంది. ఆవిడకి తెలుగు రాదు, ఇంగ్లీషూ అంతంతమాత్రమే. అందుకని నేను ఒక కొత్త ఏర్పాటు చేశాను. ఆవిడ అక్కడ బొమ్మ గీస్తుంటే ఆ గీత మా గోడమీది టీవీలో కదుల్తుంది. ఇక్కడ గోపీ వేలితో దిద్దితే అక్కడ కనిపిస్తుంది. ఎవరు మాట్లాడినా ఆ మాటలు అప్పటికప్పుడే రెండు భాషల్లోనూ తెరమీద పడతాయి.

మొదటిరోజు పిన్ని పట్టుచీర కట్టుకొచ్చి కెమెరా ముందు కూర్చుంది. "మీ గుడ్డని కడుపులో పెట్టుకుని చూసుకుంటామండీ" అంది మర్యాదగా.

హరుకో చాలాసేపు ఆలోచించింది. తెరమీద తెలుగు అక్షరాలు పడ్డాయి. "గుడ్డ తినడం మీ ఆచారమా? తప్పుగా అనుకోకండి, తెలుసుకుందామని."

అందరం పగలబడి నవ్వాం. గోపీ కూడా మాతోపాటే నవ్వాడు. అతనెప్పుడూ మా నవ్వు సగమయ్యాక గానీ మొదలుపెట్టడు. ఈరోజు ఇంత చురుగ్గా ఉన్నాడేమిటా అనుకున్నాను. అప్పుడే ఇంకోటి గమనించాను. మాస్టారు ఆ మాట ఎవరికీ తిరిగి చెప్పలేదు. గోపీనే చూస్తూ కూర్చున్నారు.

మర్నాడు ఆయన రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

"మిషన్ వచ్చి తన పని లాక్కుందని అలిగారు. పెద్దాయన్ని ఉసూరుమనిపించావే హర్షితా" అంది పిన్ని.

నాకు మనసొప్పలేదు. సాయంత్రం వాళ్ళింటికెళ్ళాను. ఆయన భార్య జ్ఞానమ్మ గారు గుమ్మంలో చిక్కుడుకాయలు వలుస్తున్నారు.

"మాస్టారు అలిగారాండీ? ఇంట్లో కూడా అన్నీ రెండేసిసార్లు చెప్తున్నారా?"

ఆవిడ నన్ను వింతగా చూశారు. "రెండుసార్లా? ఆయన చేత ఒకసారి చెప్పించడానికే నా తల ప్రాణం తోకకొస్తుంది. కూరలో ఉప్పుందా అంటే తలూపుతారు. ఈయనకి మాటలొచ్చని మా కోడలికి పెళ్ళయిన ఏడాదికి గానీ తెలీలేదు."

బస్సులో మాస్టారు వెనక్కి తిరిగి చెప్పినప్పుడు అక్కడ నిలబడింది గోపీయే. షెడ్డులో గోపీ ఎదురుగానే ఆ కుర్చీ. లోపలికెళ్ళి అడిగేశాను. "మాస్టారూ, గోపీకి వినపడదా?"

ఆయన పేపరు మడిచారు. "ఏడో తరగతిలో జ్వరం వచ్చి లేచాక వాడు నా నోరు చూస్తూ పాఠం వినేవాడు. ముందు పనిచేసిన చోట చెవిటాడని మాన్పించారు. చెవికి మిషన్ పెట్టుకోరా అంటే నలుగురూ చూస్తారని సిగ్గు. అందుకని నాకు చేతనైంది చేశాను."

"మరిప్పుడు ఎందుకు రావట్లేదు?"

"నేనుంటే వాడు నా నోరే చూస్తాడమ్మా. ఆ అక్షరాలు చూడ్డం అలవాటవ్వాలి. నాకు డెబ్బై నాలుగు." మళ్ళీ పేపరు తెరుస్తూ, "ఎవరికీ చెప్పకు" అన్నారు.

చెప్పనని మాటిచ్చాను. కానీ శుక్రవారం ఆర్డరు తేల్చే మీటింగుకి మాత్రం రావాల్సిందేనని పట్టుబట్టాను. వచ్చి వెనకాల నిలబడ్డారు.

హరుకో చిలకని గీసి, రెక్క గీతలు ఇంకా సన్నగా రావాలంది.

"చేస్తాం" అంది పిన్ని.

"చెయ్యలేం" అన్నాడు గోపీ.

గోపీ లేచి టీవీ దగ్గరికెళ్ళాడు. "అంత సన్నం చేస్తే చెక్క చిట్లుతుందండీ. రెండు అచ్చులుగా విడగొడదాం. పైగా చిలక ముక్కు అలా ఉండదు."

పిన్ని నోరు తెరిచింది. "నీకింత మాట్లాడ్డం వచ్చురా?"

గోపీ ఆ మాటని తెరమీద చదివాడు. చేతిలో ఉలి పక్కన పెట్టాడు. "నాకు వినపడదు పిన్నీ. ఇన్నేళ్ళూ మాస్టారి నోరు చదివాను. ఇప్పుడు టీవీ చదువుతున్నాను."

"మరి నేను తిట్టినవన్నీ?"

"మాస్టారు చెప్పేవారు. కొంచెం తగ్గించి."

పిన్ని నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మైకు ఆన్‌లోనే ఉంది. అంతా జపాన్ వెళ్ళిపోయింది. హరుకో కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఆ మాస్టారిని నాకు చూపిస్తారా?" అని అక్షరాలు పడ్డాయి. కెమెరా తిప్పాను. వేలమంది సభల్లో అనువాదం చెప్పినాయన, కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ ఉండిపోయారు.

ఆర్డరు వచ్చింది, రెండు అచ్చుల పద్ధతిలోనే. గోపీ బల్లమీద ఇప్పుడొక పాత ఫోను నిలబెట్టి ఉంటుంది. షెడ్డులో ఎవరేమన్నా దాంట్లో చదువుకుంటాడు. ప్రతిదానికీ తనో మాట అంటాడు. శుక్రవారాలైతే హరుకోతో ముక్కుల గురించీ తోకల గురించీ గంటసేపు వాదిస్తాడు.

మొన్న పిన్ని విసిగిపోయి, "మాస్టారూ, వీడి నోరాపే మిషన్ ఏమన్నా ఉందేమో కనుక్కోండి" అంది.

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టి, "ఉన్నా మనకొద్దమ్మా" అన్నారు.