ఉప్పు మడిలో దిగినవాడు

నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసే పరంజ్యోతికి కొడుకు గురించి చెప్పుకోవడమంటే మహా ఇష్టం. బజారులో వంకాయలు కొన్నా, ఆమె కొడుకు జెట్ విమానం నడుపుతాడన్న సంగతి వినకుండా అంగడివాడు సంచీ చేతికివ్వలేడు. ఆదివారం బాప్టిస్టు గుడిలో అందరూ కీళ్ల నొప్పులకీ పిల్లల పరీక్షలకీ ప్రార్థన చెయ్యమని అడుగుతుంటే, ఆమె లేచి, "మావోడు ఎలీషా జెట్టు నడుపుతన్నాడు, ఆడికోసరం పార్దన సెయ్యండి" అనేది. అది మనవో చాటింపో పాస్టరుగారికి కూడా తెలిసేది కాదు.

చెప్పుకోవలసిందే మరి. ఎలీషా చిన్నప్పుడు సెలవులన్నీ తల్లి వెనక మడుల్లోనే గడిపాడు. ఉప్పు కాలం మొదట్లో మడి అడుగు తొక్కాలి. ఆడవాళ్లు వరసగా చేతులు పట్టుకుని, బంకమట్టిని మడమలతో కుదేస్తూ రోజుల తరబడి నడుస్తారు. అడుగు గట్టిపడితేనే ఉప్పు తెల్లగా దిగుతుంది, లేకపోతే బురదే మిగులుతుంది. పిల్లవాడు కూడా ఆ వరసలో చేరితే తల్లి, "కాలేళ్లమీద గెంతితే ఏటవుద్దిరా, మడమేసి తొక్కు" అని కసిరేది. ఆ కాళ్లే కోరుకొండ సైనిక్ స్కూలుకి, అక్కణ్ణించి వైమానిక దళానికి నడిచాయి. 2010లో మొదటిసారి ఒంటరిగా యుద్ధవిమానం నడిపి ఇంటికి ఫోన్ చేస్తే, తల్లి అడిగిన మొదటి మాట, "కిందకి దిగిపోనావా?" అని.

మూడేళ్ల తర్వాత ఎడారి మీద ఎగురుతుండగా ఇంజన్లో పక్షి పడింది. ఎలీషా కుర్చీతో సహా బయటికి ఎగిరి పారాచూట్ మీద దిగాడు. ప్రాణం దక్కింది గానీ వెన్నుపూస నలిగింది. అలాంటి కుర్చీలో మళ్లీ కూర్చోకూడదన్నారు డాక్టర్లు. అంటే జెట్లకి సెలవే. నడుం కుదుటపడ్డాక హెలికాప్టర్ నేర్చుకుని, వరదల్లో చిక్కినవాళ్లని తెచ్చే పనిలో పడ్డాడు. ఊళ్లో స్నేహితులు, "ఏనుగు దిగి గాడిదెక్కినావేట్రా" అని ఎగతాళి చేస్తే తనూ నవ్వేసేవాడు.

ఒకసారి సెలవులో వచ్చి గుడికి వెళ్లాడు. తల్లి ఎప్పటిలాగే లేచి, "మావోడు జెట్టు నడుపుతన్నాడు" అంది. పక్కనే ఉన్న కొడుకు వైపు చూడకుండా కూర్చుంది. ఎలీషాకి తల కొట్టేసినట్టయింది. అమ్మకి తన పని చెప్పుకోదగ్గది కాదన్నమాట. ఎందుకని అడగలేకపోయాడు, మరిచిపోనూ లేకపోయాడు.

ఆ తర్వాతి మే నెలలో, ఉప్పు బాగా దిగుతున్న రోజుల్లో, తుఫాను పట్టుకుంది. ఉప్పు రాశుల మీద తాటాకులు కప్పడానికి వెళ్లినవాళ్లు, ఉప్పుటేటి గట్టు తెగి, రాశులు పోసే దిబ్బ మీద చిక్కడిపోయారు. ఆ ఉరవడికి పడవలు దగ్గరికి పోలేకపోయాయి. విశాఖపట్నం నుంచి ఎలీషా హెలికాప్టర్ తీసుకుని వచ్చాడు. పైనుంచి చూస్తే దిబ్బ అంచులు పెళ్లలు పెళ్లలుగా విరిగి నీళ్లలో పడుతున్నాయి. తాడు దించి ఒక్కొక్కరినే లాగితే, సగం మంది ఎక్కేలోగా దిబ్బ మిగలదు. దిగితేనే అందరూ దక్కుతారు. కానీ చుట్టూ బురదనీరే.

"చక్రం దిగబడితే బోర్లా పడతాం. మనతోపాటు వాళ్లూ పోతారు" అన్నాడు పక్క సీటులోని కో-పైలట్. అందులో తప్పేమీ లేదు. దిబ్బ చాటునున్నది ఉప్పు తీసే మడి అని ఎలీషాకి గట్ల ఆనవాలుని బట్టి తెలుస్తూనే ఉంది. దాని అడుగు గట్టిగా ఉండాలి. నిన్నటిదాకా ఉండే ఉంటుంది. వరద దాన్ని కోసేసిందో లేదో మాత్రం పైనున్నవాడికెలా తెలుస్తుంది? దిగనూ లేక, పోనూ లేక గాలిలోనే నిలిపాడు.

ఆ తటపటాయింపు కిందివాళ్లకి అర్థమైంది. నలుగురైదుగురు ఆడవాళ్లు దిబ్బ దిగి మడిలోకి వచ్చారు. నీళ్లు పిక్కల దాకా ఉన్నాయి. చేతులు పట్టుకుని, గాలికి వంగిపోతూనే, మడమలు కుదేస్తూ ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా నడిచారు. ఒక్కరి కాలూ దిగబడలేదు.

"వీళ్లకి మతిపోయిందా?" అన్నాడు కో-పైలట్.

"లేదు. నేల చూపిస్తున్నారు" అన్నాడు ఎలీషా. వరస చివరి మనిషి పక్కావిడని కసురుతూ నడుస్తోంది. మాట వినబడకపోయినా ఆ కసురు ఎవరిదో అతనికి తెలిసిపోయింది.

వాళ్లు మళ్లీ దిబ్బ ఎక్కేదాకా ఆగి దించాడు. బరువంతా నేలకి వదలకుండా, సగం గాలిలోనే నిలుపుకుంటూ చక్రాలు ఆనించాడు. మడి మోసింది. ముసలివాళ్లూ, మగవాళ్లూ, ఆడవాళ్లూ ఎక్కారు. అందరినీ తోసి తోసి ఎక్కించి పరంజ్యోతి ఆఖర్న ఎక్కింది. పైకి లేస్తుండగా దిబ్బ రెండుగా విరిగింది.

టెక్కలిలో మైదానంలో దిగాక ఎలీషా హెల్మెట్ తీసి వెనక్కి వచ్చాడు. తల్లి దగ్గరికొచ్చింది. తడిచెయ్యి అతని నడుం మీద వేసి, దెబ్బ తగిలిన చోట నిమిరింది.

"నీ చక్రాలకి మడి గోతులు పడిపోయుంటాది. మళ్లీ తొక్కాల" అంది.

ఎలీషా ఇక ఉండబట్టలేక అడిగేశాడు. "గుడిలో ఇంకా జెట్టనే సెప్తావా అమ్మా?"

"హెలికాప్టరంటే ఎందుకు మారినాడని అడుగుతారు గదరా. నువ్వు ఆకాసంనుంచి పడిపోనావని నా నోటితో ఎలాగ సెప్పీది? ఆ మాట అనుకుంటేనే నాకు నిద్ర నేదు."

ఇన్నాళ్లూ తను సిగ్గనుకున్నది భయమని ఎలీషాకి అప్పుడు తెలిసింది. తల్లి చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు.

ఆదివారం గుడిలో పరంజ్యోతి ఎప్పటికంటే ముందే లేచింది.

"మావోడు జెట్టు మానేసినాడు. పడిపోయి, లేచి, హెలికాప్టరు నడుపుతన్నాడు. జెట్లు మన నెత్తిమీదనుంచి పోతాయి గానీ ఎప్పుడైనా మనకోసరం దిగినాయేటి? మావోడిది దిగినాది. మనం తొక్కిన మడిలో దిగినాది."

ప్రార్థన చెయ్యమని అడగడం మాత్రం మరిచిపోయి కూర్చుంది.