నేను వద్దన్న ఆవకాయ

ఆ కాలంలో నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అనేవారు. నిజమే గానీ, అంత కోపం తెప్పించే ఏర్పాట్లు కూడా ఆ రోజుల్లోనే ఉండేవి మరి. డెబ్బైల చివర్లో, తెలీబంధా చెరువు అవతల ఇంకా పొలాలే ఉన్నప్పుడు, శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగాలకని రాయపూర్ చేరిన ఏడు కుటుంబాలు కలిసి కొంత స్థలం కొని, గోడకి గోడ ఆనించి ఏడు చిన్న ఇళ్లు కట్టుకున్నాయి. మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఒక హాలు, ఒక పెద్ద వంటిల్లు, చుట్టాలొస్తే దిగడానికి ఒక గది. అంతవరకూ బాగానే ఉంది. ఆ పైన మావాళ్లు ఒక నియమం పెట్టుకున్నారు. ఉమ్మడిగా ఏ పని చేయాలన్నా పద్దెనిమిదేళ్లు దాటిన ప్రతివాళ్లూ ఒప్పుకోవాలి. ఒక్కరు వద్దన్నా ఆ పని ఆగిపోతుంది, వచ్చే ఆదివారానికి వాయిదా పడుతుంది. వద్దన్నవాళ్లని కారణం చెప్పమని బలవంతపెట్టకూడదు. (ఈ నియమం రాసిన మహానుభావుడు మా నాన్నే. అందుకు ఆయన్ని నేను ఇప్పటికీ పూర్తిగా క్షమించలేదు.)

నాకప్పుడు ఇరవయ్యేళ్లు. బి.ఏ. అయింది, జూలైలో బ్యాంకు పరీక్ష ఉంది. ఒక్కసారికే రాయనిస్తానని, తప్పితే నోరు మూసుకుని కుట్టుమిషను ముందు కూర్చోవాలని అమ్మ తేల్చి చెప్పేసింది. మా ఇంట్లో చూస్తే రెండు గదులు, ఏడుగురు మనుషులు, పొద్దస్తమానం మోగే రేడియో. నేను పుస్తకం తెరిస్తే చాలు, దాని మీద తమ్ముడి కాలో నానమ్మ వక్కల గిన్నో ఉండేది. చుట్టాల గది మాత్రం నెలలో ముప్పావు వంతు రోజులు ఖాళీగానే పడి ఉండేది. పరీక్ష అయ్యేదాకా చదువుకోవడానికి ఆ గది ఇమ్మని ఏప్రిల్లో ఒక ఆదివారం హాల్లో నిలబడి అడిగాను. పెద్దనాన్న (వరసకే లెండి, ఏడిళ్లలోకీ వయసులో పెద్ద, గూడ్సు బండి గార్డు) ఒక్కొక్కరినే అడుగుతూ వచ్చాడు. అందరూ సరేనన్నారు. చివరింటి అత్తయ్య దగ్గర బండి ఆగింది.

"నాకు మనసొప్పట్లేదన్నియ్యా" అంది అత్తయ్య, నేల చూపులు చూస్తూ.

"ఏటత్తయ్యా, ఎందుకు?" అన్నాను.

"కారణం అడక్కూడదమ్మా" అన్నాడు మా నాన్న, ఎక్కడలేని శాంతంతో.

తరవాతి ఆదివారం అదే మాట. ఆ పై ఆదివారమూ అదే మాట. నాకు ఒళ్లు మండిపోయింది. జన్మలో ఎవరికీ ఎదురు చెప్పి ఎరగని మనిషి, నా బతుకు దగ్గరికొచ్చేసరికి నోరు తెరిచిందే! ఎదురుపడితే మొహం తిప్పుకునేదాన్ని. నూతి దగ్గర ఆవిడ బిందె పక్కన నా బిందె కూడా పెట్టేదాన్ని కాదు. (నా బిందె ఎక్కడుందో ఆవిడ గమనించిందనుకోను.)

మే నెల వచ్చింది. ఏటా ఆరంగ్ దగ్గరి తోటాయన నమూనాకి నాలుగు కాయలు సైకిల్ మీద తెచ్చేవాడు. మావాళ్లు కొరికి చూసి, ఏడిళ్లకీ కలిపి బండెడు కొని, ఉమ్మడి వంటింట్లో ఒకే రోజు ఆవకాయ పెట్టేవారు. దానికి ఒప్పుకోలు అడగడం వట్టి మొక్కుబడి. "ఆవకాయకి అందరూ సరే గదా" అంటూ పెద్దనాన్న లేవబోతుంటే నేను లేచి నిలబడ్డాను.

"నాకు మనసొప్పట్లేదు" అన్నాను.

"ఒలే, ఆవకాయ ఒద్దంటన్నావేటే గుంటా? దిమాగ్ గాని పాడయిందేటి?" అంది నానమ్మ.

"కారణం అడక్కూడదు. కావలిస్తే నాన్ననడుగు."

నాన్న మొహం అప్పుడు చూడాలి. ఆవకాయ లేనిదే ముద్ద దిగని మనిషి. గుటక మింగి, "అవును, అడక్కూడదు" అన్నాడు.

తోటాయన ప్రతి ఆదివారం వచ్చి, "ఫైసలా హువా క్యా, బాబూజీ?" అని అడగడం, ఇంకా తేలలేదని పెద్దనాన్న చేతులు తిప్పడం. రెండో వారానికి కాయ మెత్తబడింది. మూడో వారానికి పసుపు తిరిగింది. ఎవరింట్లో వాళ్లు గుట్టుగా పెట్టుకుంటే నేనేం చేయగలను? అయినా ఒక్కరూ ఆ పని చేయలేదు. దిగి రావడానికి నాకు రోషం అడ్డొచ్చింది. కాయ పండుతున్నకొద్దీ నాకు అందరి మీదా ఇంకా కోపం పెరిగింది, తప్పు కాయదీ వాళ్లదీ అయినట్టు.

అప్పుడు ఒక మధ్యాహ్నం అత్తయ్య నా చెయ్యి పట్టుకుని చుట్టాల గదిలోకి లాక్కెళ్లి తలుపేసింది.

"నీకియ్యకూడదని కాదే. మా ఇంట్లో తొమ్మిది మందిమి. మజ్జాన్నం అందరూ తిని పడుకున్నాక ఇక్కడికొచ్చి, తలుపేసుకుని, గంటసేపు ఒక్కద్దాన్నీ తొంగుంటాను. రోజు మొత్తంలో నాకున్నదా గంటే. నూతి కాడ గిన్నెలు తోముతన్నాననుకుంటాది మా అత్త. ఆవిడ ముందు, మీ మావయ్య ముందు, హాల్లో నిలబడి అదెలాగ చెప్పమంటావు?"

తలుపు వేసుకునే చోటు కోసమే కదా నేనూ ఊరంతా ఏకం చేస్తున్నాను.

"ఆ గంటా నీదే అత్తయ్యా. నేను బయట మెట్ల మీద చదువుకుంటాను. ఎవరొచ్చినా కసురుతాను. నా కోపం సంగతి అందరికీ తెలుసు గదా" అన్నాను. ఆవిడ మొదటిసారి నవ్వింది. అంతే, తేలిపోయింది. ఇంతమంది పెద్దలు అన్ని ఆదివారాలు కూర్చుని తేల్చలేనిది! మనసులో మాట చెప్పుకోలేని మనిషికి వద్దనే హక్కు ఇచ్చి చేతులు దులుపుకున్న ఆ నియమం మీద నాకు ఇవాళ్టికీ మంటే.

ఆదివారం ఇద్దరం లేచి "మనసొప్పింది" అన్నాం. గది నాదయింది. ఈలోగా మొదటి వాన పడింది. ఆ వారం తోటాయన తెచ్చినవి మామిడిపళ్లు. అందరూ రసం కారుతుండగా తిన్నారు.

పరీక్ష నెగ్గాను. బ్యాంకులో చేరాను. ఆ ఏడాది పొడుగునా ఏడిళ్లలో ఎక్కడా ఆవకాయ లేదు. పప్పన్నం కలుపుకుని నాన్న అలవాటుగా జాడీ వైపు చెయ్యి చాపి, గుర్తొచ్చి, మెల్లిగా వెనక్కి తీసుకునేవాడు. నా వైపు మాత్రం చూసేవాడు కాదు. ఏడిళ్లలో ఒక్కరైనా దెప్పి ఉంటే, ఎదురు తిరిగి నాలుగు మాటలని ఈపాటికి మరిచిపోయేదాన్ని. ఒక్కరూ దెప్పలేదు. బ్యాంకులో పెద్ద కుర్చీ ఎక్కాక కూడా నేను వద్దన్న కాగితాలు పక్క గదిలో నుంచి ఇంకొకరి సంతకంతో మంజూరై వచ్చేవి. ఇరవయ్యేళ్లప్పుడు నేనైన ఆ పెంకి పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, దాని మాట చెల్లినట్టు నా మాట ఆ తరవాత ఎక్కడా చెల్లలేదు.