నూటికి నూరు తోడల్లుడు

గడియారాలాయన పొద్దున లేవగానే, మొహమైనా కడుక్కోకముందే చేసే పని ఒకటుంది. ఫోను తీసి వేలం సైటులో దుకాణం తెరుస్తాడు. తన దుకాణం కాదు, తోడల్లుడిది. పేరు పక్కన నూటికి నూరు అని ఉంటుంది. నిన్నా అంతే, మొన్నా అంతే. రాత్రికి రాత్రి ఏ పుణ్యాత్ముడైనా ఆ మనిషిని నాలుగు తిట్టి ఉంటాడేమోనని ఈయన ఆశ. ఎవరూ తిట్టి ఉండరు. అప్పుడు నిట్టూర్చి తన దుకాణం తెరుస్తాడు. నూటికి ఎనభై ఏడు. ఇక ఆ పూట కాఫీ చేదు.

తనకు లేదని ఏడ్చే మనిషి కాడు పాపం. ఎదుటివాడికి ఉందని ఏడ్చే రకం. భార్య అక్కమొగుడికి 'నూటికినూరు' అని పేరు పెట్టింది కూడా ఈయనే.

న్యాయంగా చూస్తే ఆ కడుపుమంటకు కారణం లేకపోలేదు. ఇరవై ఆరేళ్ళు వీధి మలుపులో, మేడమెట్ల కింద ఇరుకు గదిలో, కంటికి భూతద్దం తగిలించుకుని గడియారాలు బాగుచేశాడు. చేతికి గడియారం పెట్టుకునేవాళ్ళు తగ్గిపోయాక గదికి తాళం వేసి, పాత గడియారాలు కొని, విప్పి, కడిగి, నూనె వేసి, ఆన్‌లైన్ వేలంలో అమ్ముతున్నాడు. ఆయన చేతిలోంచి వెళ్ళిన గడియారం వారానికి ఒక్క నిమిషం తేడా రాదు. తోడల్లుడేమో బస్సు కండక్టరుగా చేసి దిగినవాడు. స్క్రూ ఎటు తిప్పితే బిగుస్తుందో ఈనాటికీ తెలీదు. పాత దీపాలు, కెమెరాలు, పింగాణీ కప్పులు, ఏది దొరికితే అది అమ్ముతాడు. పనిమంతుడికి ఎనభై ఏడు, టిక్కెట్లు చింపినవాడికి నూరు. మరి మండదా?

ఈ మంట ఇలా ఉండగానే గోరుచుట్టు మీద రోకటిపోటులా ఒక ఫిర్యాదు వచ్చి పడింది. రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఈయన దగ్గర గంటలు కొట్టే గోడగడియారం కొన్నది. అందిన మూడో రోజునే సైటులో రాసింది: "బాగా పనిచేస్తుందన్నారు. మూడింటికి ఐదు కొడుతోంది. వాపసు తీసుకోండి." ఆ సైటువాళ్ళకు ఒక నియమం ఉంది. ఏడాదిలో మూడు ఫిర్యాదులు అమ్మినవాడికి వ్యతిరేకంగా తేలితే దుకాణం మూసేస్తారు. ఈయనకు రెండు అప్పటికే తేలాయి. మూడోదానికి మర్నాడు మధ్యాహ్నం పన్నెండులోగా జవాబు చెప్పుకోవాలి. ఆ దుకాణం కూడా పోతే ఇరవై ఆరేళ్ళ పనితనం పెట్టుకోవడానికి ఇక ఈయనకు చోటు లేదు.

చదవగానే ఆయనకు జబ్బు తెలిసిపోయింది. ఆ రకం గడియారాలు ముల్లు ఎక్కడుందో చూసి కొట్టవు, వరసప్రకారం కొట్టుకుపోతాయి. ఐదు తర్వాత ఆరు, ఆరు తర్వాత ఏడు. ముల్లు వెనక్కి తిప్పితే వరస తప్పుతుంది. ఆవిడ తిప్పి ఉంటుంది. లోపల పక్కగా వేలాడే సన్నటి తీగ ఎత్తి వదులుతూ పోతే మళ్ళీ దారిలో పడుతుంది. రెండు నిమిషాల పని. ఆ ముక్క చెబితే సరిపోయేది. ఈయన ఫోనులో రాసుకున్నది మాత్రం ఇది: "ముల్లు వెనక్కి తిప్పకూడదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. చేతకానివాళ్ళ చేతిలో పెడితే ఇంతే." ఇంకాస్త ఘాటు చేర్చి పంపుదామని అట్టే పెట్టాడు. మునుపటి రెండు ఫిర్యాదులూ ఇలాగే పోయాయి. రెండింట్లోనూ తప్పు కొన్నవాళ్ళది, ఓటమి ఈయనది.

అంతటితో ఆగినా బాగుండేది. ఈవిడ ఎలాంటి మనిషో చూద్దామని, ఆవిడ ఇంతకుముందు ఎవరెవరి దగ్గర కొని ఏమేం రాసిందో వెతికాడు. నెల కిందట నూటికినూరు దగ్గర దీపం కొన్నది. కింద ఐదు నక్షత్రాలు. "చిమ్నీ పగిలి వచ్చింది. అయినా ఎంత మంచి మనిషో!"

అరికాలి మంట నెత్తికెక్కింది.

"చూశావా? పగిలిన చిమ్నీకి ఐదు నక్షత్రాలట! నా గడియారానికి ఫిర్యాదట!" అని వంటింట్లోకి వెళ్ళి భార్య మొహం ముందు ఫోను ఆడించాడు.

"బావగారు ఎలా సర్దుకొస్తారో వెళ్ళి అడగరాదూ?" అంది ఆవిడ తల ఎత్తకుండానే.

"నేనా? ఆయన్నా? నా తల తీసి మొలేసినా అడగను."

పది నిమిషాలయ్యాక చొక్కా వేసుకుంటూ కనిపించాడు. "అడగడానికి కాదు. ఆయన డ్రిల్లు మిషను మన దగ్గరే ఉండిపోయింది. ఇచ్చేసి వస్తా."

డ్రిల్లు మిషను తెచ్చి ఏడు నెలలైంది. ఆవిడ నవ్వు ఆపుకోవడానికి కుళాయి తిప్పింది.

తోడల్లుడు కిటికీ పక్కన బల్ల వేసుకుని ఒక రాగి కెటిలుకు ఫొటోలు తీస్తున్నాడు. అడుగున సొట్ట ఉంది. దాని పక్కన వేలు పెట్టి మరీ తీస్తున్నాడు.

"అదేంటన్నయ్యా, సొట్టకి ఫొటో?"

"ఎలాగూ వాళ్ళ కంట పడేదేగా తమ్ముడూ. వాళ్ళకంటే ముందు నేనే చూపిస్తే గొడవుండదు."

గడియారాలాయన మాట వరసకన్నట్టు దీపం సంగతి ఎత్తాడు.

"ఆ టీచరమ్మా? చిమ్నీ దారిలో పగిలింది. ఫోన్ చేశారు. చెయ్యేమైనా తెగిందా అమ్మా అని అడిగా. ఇంకోటి పంపా. అంతే."

అంతేనట! ఈయనైతే చిమ్నీ ముందు, చెయ్యి తర్వాత. అయినా నమ్మబుద్ధి కాలేదు. నూటికి నూరు ఊరికే రాదు, ఎక్కడో ఏదో మతలబు ఉంది. తోడల్లుడు టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళగానే ఈయన పిల్లిలా వెనకగదిలోకి దూరాడు.

గోడ పొడుగునా అరలు. అరల నిండా వాపసు వచ్చిన వస్తువులు. ఒక్కోదానికి దారంతో చీటీ కట్టి ఉంది. "కెమెరా. షట్టరు ఇరుక్కుంటోంది, చూసుకోలేదు." "కప్పులు. ఆరన్నాను, ఐదే పంపాను." "కుర్చీ. ఊగుతుందని రాయలేదు." నలభైకి పైనే ఉన్నాయి. గడియారాలాయన కడుపు చల్లబడింది. ఓహో, ఇదా నూటికి నూరు బండారం! భార్యకు ఎలా చెప్పాలో మాటలు కూడా కూర్చుకున్నాడు. అలా మురిసిపోతూ చివరి అర దాకా వెళ్ళాడు.

అక్కడ తను ఇచ్చిన గడియారం ఉంది.

రెండేళ్ళ కిందట వీళ్ళు ఈ ఇంట్లోకి మారినప్పుడు తన చేతులతో బాగుచేసి ఇచ్చింది. నెల తిరక్కముందే హాల్లోంచి మాయమైంది. అమ్ముకున్నాడని ఈయన నిశ్చయం. రోజూ పొద్దున్నే తోడల్లుడి దుకాణం తెరవడం మొదలైంది అప్పుడే. ఏదో ఒకరోజు ఆ గడియారం వేలంలో పట్టుకుని నలుగురిలో పరువు తీద్దామని. దొరకలేదు కానీ, చూసే అలవాటు మిగిలింది. ఇప్పుడు దానికీ ఒక చీటీ ఉంది.

"తమ్ముడు ఇచ్చింది. గంటలు తప్పు కొడుతోంది. అడిగితే నొచ్చుకుంటాడు."

గడియారాలాయన రెండుసార్లు చదివాడు. సిగ్గేసింది. చీటీ విప్పి జేబులో పెట్టుకున్నాడు. తాళంచెవి అడుగున అతికించి ఉంది. కీ ఇచ్చి, లోలకం కదిపి, తీగ ఎత్తి వదిలాడు. గదంతా ఠంగుఠంగుమంది. రెండు గ్లాసులతో తోడల్లుడు గుమ్మంలోకి వచ్చి ఆగిపోయాడు.

"నాకెందుకు చెప్పలేదన్నయ్యా? రెండు నిమిషాల పని."

తోడల్లుడు గ్లాసుల వైపే చూశాడు. "చెబుదామనే అనుకున్నా తమ్ముడూ. ముల్లు నేనే వెనక్కి తిప్పా. చేతకానివాళ్ళ చేతిలో పెడితే ఇంతే అంటావేమోనని..."

ఆ మాట అక్షరం పొల్లుపోకుండా ఈయన జేబులోనే ఉంది, ఫోనులో, పంపడానికి సిద్ధంగా. మింగలేక కక్కలేక టీ తాగేసి వచ్చేశాడు.

మర్నాడు ఉదయం ఘాటు జవాబు చెరిపేసి ఒకే ఒక్క వాక్యం రాశాడు: "అమ్మా, మీకు వీలైతే ఒకసారి ఫోన్ చేస్తారా?" అది రాయడానికి ముప్పావు గంట పట్టింది. పదకొండింటికి ఫోను మోగింది.

"నేనేం పాడు చెయ్యలేదండీ," అంది టీచరమ్మ, పలకరింపు కూడా లేకుండా.

నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాడు. "లేదమ్మా. ముల్లు వెనక్కి తిప్పకూడదని నేనే రాసి పంపాల్సింది. లోపల సన్న తీగ కనిపిస్తోందా? పైకెత్తి వదలండి."

ఆవిడ ఎత్తింది. గడియారం కొట్టసాగింది. బడిలో ఎక్కాలు అప్పజెప్పించినట్టు ఆవిడ పైకి లెక్కపెట్టింది. రెండు. మళ్ళీ ఎత్తింది, మూడు. అలా ఒక్కొక్కటే ఎక్కుతూ పోయింది. ఈయన ఫోను చెవికి ఆనించుకుని విన్నాడు. ఎంత బాగా మోగుతోందో! తను బాగుచేసిన గడియారం పరాయి ఇంట్లో మోగుతుంటే వినడం ఇదే మొదటిసారి. పది దాటి పదకొండు కొట్టి ఆగగానే ఆవిడ చిన్నపిల్లలా నవ్వింది.

పన్నెండుకు ఐదు నిమిషాల ముందు ఫిర్యాదు ఆవిడే వెనక్కి తీసుకుంది. దుకాణం నిలిచింది. కింద ఐదు నక్షత్రాలు, వాటి పక్కన రెండు ముక్కలు: "గంటలు సరిగ్గా కొడుతున్నాయి. ఈయన కూడా అచ్చం ఆ దీపాలాయనలాగే, ఎంత ఓపికో!"

"నా దుకాణంలోకి కూడా ఆయనే వచ్చి కూర్చోవాలా!" అని గడియారాలాయన చిందులేశాడు. చిందులేస్తూనే ఆ రెండు ముక్కలూ నాలుగుసార్లు చదివాడు.

భార్య పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిణ్ణి పట్టించుకోకుండా ఆయన జేబులోంచి చీటీ తీసి బల్ల ముందు గోడకు అతికించాడు. తర్వాత కూర్చుని, అమ్మకానికి పెట్టిన ప్రతి గడియారం కింద ఒక వరస చేర్చుకుంటూ పోయాడు. ఆవిడ భుజం మీంచి వంగి చదివింది. "ఏ తేడా వచ్చినా మొహమాటపడకుండా అడగండి. నొచ్చుకోను."

"నిజంగా నొచ్చుకోరా?"

"నొచ్చుకుంటాను," అన్నాడు ఆయన, టైపు చెయ్యడం ఆపకుండానే. "వాళ్ళకి తెలీదుగా."