పెళ్లికార్డుల ప్రెస్సులో నా పుస్తకం

ఈ ఉదయం పోస్టులో వచ్చిన కార్డుకు నాలుగు మూలలూ తెల్లగా ఉన్నాయి. ఏ కార్డు వచ్చినా చదవకముందు మూలలు చూడటం నాకు అలవాటు. ఆ అలవాటు నేర్పిన మనిషే పోయాడని లోపల రాసి ఉంది. పెద్దకర్మ నిన్ననే అయిపోయింది. కదిరి నుంచి అనంతపురానికి కార్డు ఆలస్యంగా వచ్చింది.

కదిరిలో మేము అద్దెకున్న వీధి చివర, రేకుల కప్పు కింద ఆయన ప్రెస్సు ఉండేది. పెళ్లికార్డులు, చావుకార్డులు, జాతర కరపత్రాలు, బోర్లు వేసేవాళ్ల రసీదు పుస్తకాలు అక్కడ అచ్చయ్యేవి. వీధికంతా ఆయన ప్రెస్సాయన. మా నాయన కంటే వయసులో పెద్ద కాబట్టి నాకు పెద్దనాయన. నేను అచ్చువేసుకున్న ఒకే ఒక్క పుస్తకం ఆయన చేతి మీదే వచ్చింది.

అది తొంభైల చివర. డిగ్రీ అయ్యాక, నేను చదువుకున్న కాన్వెంటులోనే చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. కథలు రాసి పత్రికలకు పంపితే తిరిగొచ్చేవి. రచయితే తన పుస్తకం అచ్చువేసుకోవచ్చని లైబ్రరీలో ఒక పాత కథల పుస్తకం చూసి తెలుసుకున్నాను. ఎలా వేసుకోవాలో మాత్రం ఆ పుస్తకంలో లేదు. నాకు పేరు రావాలని లేదు. నన్ను ఎరగని మనిషి ఒక్కరు నా కథలు చివరిదాకా చదివితే చాలనుకున్నాను.

మూడు రోజులు ప్రెస్సు దాకా వెళ్లి, లోపలికి పోలేక వెనక్కి వచ్చాను. నాలుగో రోజు ఆయనే పిలిచాడు.

"ఏం పాపా, కార్డులు కొట్టీయాల్నా? పెండ్లి ఎవరికి?"

"పెళ్లి కాదు. పుస్తకం."

"రసీదు పుస్తకమా?"

"కథలు."

ఆయన చేతిలోని సీసపు అక్షరాన్ని దాని గడిలో వేసి నావైపు చూశాడు. "కథలా! ఇన్నేండ్లలో ఒక్కరూ అడగలేదు. ఈ యేడు శెనిక్కాయ పాయె, పెండ్లిండ్లూ పాయె. అచ్చరాలన్నీ ఊరికే పండుకోనుండాయి. రా, లోపలికి రా."

నా పుస్తకం రావడానికి కారణం ఆ ఏడు వాన రాక వేరుశెనగ ఎండిపోవడం. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పుకోలేదు.

బడి అయ్యాక రోజూ వెళ్లేదాన్ని. గడులున్న చెక్కపెట్టె ముందు నిలబడి ఆయన ఒక్కో అక్షరం ఏరి, తలకిందులుగా వరసలు పేర్చేవాడు. ఉన్న అక్షరాలు ఎనిమిది పేజీలకే సరిపోయేవి. ఎనిమిది పేజీలు కాలితో తొక్కే మిషను మీద అచ్చువేసి, అన్నీ ఊడదీసి గడుల్లో పోసుకుని, తర్వాతి ఎనిమిది మొదలుపెట్టాలి. ఒకసారి అచ్చయిన పేజీలో మాట మార్చాలనిపించినా కుదరదు. ఆ అక్షరాలు అప్పటికే వేరే కథలోకి వెళ్లిపోయి ఉండేవి.

రెండో వారంలో ఆయన తల గోక్కుంటూ కూర్చున్నాడు.

"నీ కథల్లో ఆడోళ్లు ఇన్ని అడుగుతారేంది పాపా? ప్రశ్న గుర్తులు నా కాడ తొమ్మిదే ఉండాయి."

"తొమ్మిదేనా?"

"పెండ్లికార్డులో ఎవరేమడుగుతారు? శ్రీలు కావాల్నంటే చెప్పు, డబ్బా నిండా ఉండాయి."

పెద్దమ్మ, ఆయన భార్య, మూలన కూర్చుని అచ్చయిన కాగితాలు మడుస్తోంది. "అడగనీలేప్పా. అడిగితే మాత్రం చెప్పేవాళ్లు యాడుండారు?" అంది తలెత్తకుండా.

ఎనిమిది పేజీలకు తొమ్మిది ప్రశ్నలు. మిగిలినవి గడప మీద కూర్చుని నేనే కొట్టేసేదాన్ని. ఒక కథలో బెంగళూరు బస్సెక్కుతున్న మొగుణ్ని ఒకామె వరసగా నాలుగు ప్రశ్నలు అడుగుతుంది. నాలుగూ తీసేశాను. ఆయన ఆ వరసలు పేర్చి, వేలితో తడిమి, "ఇట్లే బాగుండాది. ఊరికే నిలబడి చూస్తాంది," అన్నాడు. రాయడం గురించి నాకు ఎవరైనా నేర్పింది అంతే.

అచ్చు తప్పులు దిద్దడమూ ఆయనే నేర్పాడు. "కథ చదవాకు. కథలో పడితే తప్పు కనపడదు. కింద నుంచి పైకి రా, ఒక్కో మాట పట్టుకోని." ఇప్పటికీ పిల్లల పరీక్ష ప్రశ్నపత్రాలు అలాగే కింద నుంచి పైకి చూస్తాను.

ఆరు నెలలకు పుస్తకం తయారైంది. పెద్దమ్మ సూదీ దారంతో కుట్టి, మైదా పిండి బంకతో అట్టలు అంటించింది. తీసుకుందామని వెళ్లిన రోజు పుస్తకాలు కట్టలు కట్టి ఉన్నాయి. ప్రతి పుస్తకానికీ నాలుగు మూలలా పసుపు. అన్నిటికీ ఇద్దరూ కూర్చుని తడిపిన పసుపు అద్దారు.

నా మొహం చూసి ఆయన అన్నాడు. "పసుపు లేకుండా ఈడ నుంచి పోయేది చావుకార్డొకటే పాపా. నీ పుస్తకాన్ని అట్ల పంపీమంటావా?"

వద్దన్నాను. నిజానికి అప్పుడు నాకూ అదే సరి అనిపించింది.

పుస్తకం అచ్చయ్యాక ఎక్కడికి పోవాలో మాకిద్దరికీ తెలియదు. నన్ను ఎరగనివాళ్లు చదవాలని నేనొకసారి అన్న మాట గుర్తుపెట్టుకుని, ఆయన తన ఆర్డర్ల పుస్తకాలు దించాడు. ఏళ్ల తరబడి కార్డులు కొట్టించుకున్న ఇళ్ల చిరునామాలు వాటిలో ఉన్నాయి. చిలమత్తూరు, నల్లమాడ, గార్లదిన్నె, ఇంకా నేను పేరు వినని పల్లెలు. ఆ చిరునామాలకు ఒక్కో పుస్తకం పోస్టులో పంపాం. చివరి పేజీలో ప్రెస్సు వీధిలోని మా ఇంటి చిరునామా వేశాను, చదివినవాళ్లు ఒక ముక్క రాయమని.

ఉత్తరాలు ఆరు వచ్చాయి. మొదటిది నిలబడే విప్పాను. పెళ్లికి రాలేకపోతున్నామని, వధూవరులకు ఆశీస్సులని ఉంది. ఆరూ అవే. మూలల పసుపు చూసి, లోపల చూడకుండానే దేవుడి గూట్లో పెట్టుకున్నామని ఒకాయన సంతోషంగా రాశాడు.

తర్వాత నల్లమాడ వైపు నుంచి, మునుపు ఇక్కడ కార్డులు కొట్టించుకున్న ఒక రైతు నేరుగా ప్రెస్సుకే వచ్చాడు. నేను మిషను పక్కన పుస్తకాలు సర్దుతున్నాను. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఆయన పెద్దనాయనతో గొడవకు దిగాడు.

"ఏమప్పా, ముహూర్తం యాడ రాసినావు? పుస్తకమంతా తిరగేసినా దొరకల్యా. ఎవరి పెండ్లి ఇది? ఇంతలావు కార్డు కొట్టించినారంటే బాగా ఉన్నోళ్లే!"

పెద్దనాయన మొహం ఒక్కసారి వెలిగింది. "పుస్తకమంతా చూసినావా? చదివినావా?"

"నాకు చదువు యాడిది సామీ! మా పాప చూసినాది. తారీకు కోసరం వెతికి వెతికి మూసేసినాది."

"ఒక్క కథన్నా చదవలేదంటనా?"

"కథలా? కార్డులో కథలెందుకుంటాయప్పా?"

పెద్దనాయన ఆయనకు మజ్జిగ తెప్పించాడు. ఇది పెళ్లి కాదని ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు. వెళ్తూ వెళ్తూ, తేదీ ఖాయమైతే మళ్లీ ఒక కార్డు వేయమన్నాడు. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. పెద్దనాయన మాత్రం నవ్వలేదు.

మిగిలిన పుస్తకాలు బస్సులో వేసుకుని ఇద్దరం అనంతపురం పుస్తకాల షాపుకు పోయాం. షాపతను పుస్తకం తెరవలేదు. మూల మీద బొటనవేలితో రుద్ది, "ఇదేంది పెద్దాయనా, మరకలుండాయి. ఎవరు కొంటారు?" అన్నాడు. పుస్తకాలు మళ్లీ కదిరికే తెచ్చుకున్నాం. మర్నాడు నేను వెళ్లేసరికి పెద్దనాయన ఒక్కో పుస్తకం మూలలు తడిగుడ్డతో తుడుస్తున్నాడు. పసుపు పోలేదు, పేజీల లోపలికి పాకింది. కాగితం ఉబ్బి, ఆరాక వంకరలు పోయింది.

"తప్పు నాదే పాపా," అన్నాడు.

కాదని గట్టిగా చెప్పాల్సింది. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను.

తర్వాత కదిరికి కంప్యూటర్లు వచ్చాయి. పెళ్లికార్డులు రంగుల్లో శివకాశి నుంచి రావడం మొదలైంది. అక్షరాలన్నీ గోనెసంచుల్లో పాత సామాన్లవాళ్లకు పోయాయి. గడుల చెక్కపెట్టెలో పెద్దమ్మ పోపు దినుసులు పోసుకుంది. నాకు అనంతపురంలో బడి ఉద్యోగం వచ్చి, కదిరి వెళ్లడం తగ్గింది. పుస్తకాలు మా అటక మీద ఉండేవి. కొన్నిటికి చెద పట్టింది.

చివరిసారి ఆయన్ని చూసినప్పుడు, కంప్యూటర్ సెంటరు ముందు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఎవరూ అడగకపోయినా, బయటికొచ్చే కాగితాలు కింద నుంచి పైకి చదువుతున్నాడు. చూపు బాగా తగ్గింది. నా గొంతు విని గుర్తుపట్టాడు.

"రెండో పుస్తకం రాసినావా?"

"లేదు పెద్దనాయనా."

"రాయి. ఈసారి ఎన్ని కావాల్నంటే అన్ని అడగనీ. ఈ కంప్యూటర్లో ప్రశ్న గుర్తులు అయిపోవంట."

సరేనన్నాను. రాయలేదు. రాస్తానని ఇప్పుడు కూడా అనిపించడం లేదు. నా కథలు చివరిదాకా చదివానని ఇన్నేళ్లలో ఎవరూ ఒక్క ముక్క రాయలేదు.

ఇందాక కార్డును మళ్లీ చూశాను. కింద చీమలంత అక్షరాల్లో, దాన్ని అచ్చువేసినవాళ్ల పేరు ఉంది. పుస్తకాలకైతే అది రెండో పేజీ అడుగున ఉంటుంది. పెద్దనాయన నా పుస్తకంలో అన్నిటికంటే ముందు పేర్చింది, తన ప్రెస్సు పేరున్న ఆ వరసే. పేర్చి, తడిగుడ్డతో తుడిచి, నన్ను పిలిచి చూపించాడు. పెళ్లికార్డుల ప్రెస్సు పేరు కనిపిస్తే చదువుకున్నవాళ్లు నా పుస్తకం తెరవరని భయపడ్డాను. తీసేయమని నేనే అడిగాను. ఆయన ఎందుకని అడగలేదు. ఒక్కో అక్షరం ఊడదీసి, దేని గడిలో దాన్ని వేశాడు.